ఆ ఫైలు యాడ పెట్నావురా?

టెర్మినల్లో, అంటే మౌసు లేకుండా కమాండ్లు టైపు చేసే తెరలో, ఫైళ్ళు వెతకడం మీద ఎవరు రాసినా ముందుగా ఒక కమాండ్ల పట్టిక ఇచ్చేస్తారు, దాన్ని బట్టీ పట్టేయమంటారు. నాకు ఆ పట్టికలతో ఎప్పుడూ పేచీనే. మనం తల పట్టుకునేది ఎక్కువసార్లు ఫైలు పేరు గుర్తు రాక. పేరు గుర్తుంటే విండోస్ సెర్చ్‌లో కొట్టినా దొరుకుతుంది, అది దయతలిస్తే. పేరు పోయినా మిగతా వివరాలన్నీ బుర్రలో ఉంటాయి. ఎప్పుడు చేశామో అటూఇటుగా తెలుసు, పెద్ద ఫైలో చిన్న ఫైలో తెలుసు, ఫొటోనా డిజైనా పీడీఎఫ్ఫా అన్నది తెలుసు, లోపల ఎవరి పేరుందో కూడా తెలుసు. ఫైండ్ అనే కమాండు ఇవన్నీ పట్టుకుని వెతికి పెడుతుంది, కానీ జనం దాన్ని పేర్లు వెతకడానికి మాత్రమే వాడి, దొరక్కపోతే టెర్మినల్ మూసేసి మౌసు పట్టుకుని ఫోల్డరు ఫోల్డరూ తెరుచుకుంటూ కూర్చుంటారు.

ఇది నాకు తలకెక్కింది మా చిన్నాన్న షాపు వల్లే. తిరుపతిలో ఆయనకు డీటీపీ, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, మే నెలలో గంగమ్మ జాతర వచ్చిందంటే వీధి వీధికీ శుభాకాంక్షల బ్యానర్లు. నాకు కంప్యూటర్ ఉద్యోగం కాబట్టి షాపులో ఏ ఫైలు కనబడకపోయినా ఫోను నాకే వస్తుంది. "ఒరే, పోయినేడు జాతరకు చేసినామే పెద్ద ఫ్లెక్సీ, ఆయప్ప మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తేదీలు మార్చి కొట్టియ్యమంటా ఉండాడు. ఫైలు యాడుండాదో ఎవురికీ తెలీదు." వెనకనుంచి డిజైన్ చేసే కుర్రాడి గొంతు వినబడుతుంది, "హార్డ్‌డిస్కులోనే పెట్నానన్నా, యాడో ఉంటాది." అదెక్కడికీ పోదు, హార్డ్‌డిస్కులోనే ఉంటుంది, ఆ మాట నిజమే. దాన్ని నా ఉబుంటు లాప్‌టాప్‌కు (ఉబుంటు అంటే విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఒక రకం) తగిలించి వెతుకుతాను. కింద రాసేవన్నీ ఆ హార్డ్‌డిస్కు మీద పని చేసి పెట్టినవే.

ఒక మాట ముందే చెప్పేస్తా. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెప్తాను.

ముందు ఎక్కడ నిలబడ్డామో తెలియాలి. పీడబ్ల్యూడీ కొడితే మీరున్న డైరెక్టరీ, అంటే ఫోల్డరు, చూపిస్తుంది. టెర్మినల్లో కుర్రాళ్ళు ఇబ్బంది పడే చోట్లలో సగం ఇక్కడే ఉంటాయి, ఒక ఫోల్డర్లో నిలబడి ఇంకో ఫోల్డర్లో ఉన్నామనుకుని కమాండ్లు కొట్టేస్తారు. దారి రెండు రకాలుగా రాయొచ్చు. / గుర్తుతో మొదలుపెడితే అది మూలం నుంచి పూర్తి దారి, మీరెక్కడ ఉండి కొట్టినా ఒకే చోటికి తీసుకెళుతుంది. / లేకుండా మొదలుపెడితే మీరున్న చోటి నుంచి లెక్క. లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడినవాడికి "ఎడమకు తిరిగి రెండో సందు" అంటే ఒక ఇల్లు వస్తుంది, ఆర్టీసీ బస్టాండు ముందు నిలబడినవాడికి అదే మాట చెప్తే ఇంకో ఇల్లు వస్తుంది, సమస్యంతా ఇంతే. రెండు చుక్కలు అంటే ఒక మెట్టు పైకి, ఒక్క చుక్క అంటే ఉన్నచోటే, ~ అంటే మీ హోమ్ ఫోల్డరు. ఒక ఫోల్డర్లోంచి ఇంకో ఫోల్డర్లోకి పోవడానికి సీడీ కొట్టి దారి రాయాలి. సీడీ తర్వాత ఏమీ రాయకుండా ఎంటర్ కొట్టినా హోమ్‌కే వెళ్తారు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది సీడీ తర్వాత ఒక్క అడ్డగీత. టీవీ రిమోట్‌లో ముందు చూసిన ఛానల్‌కు పోయే బటన్ ఎంత పనికొస్తుందో ఇదీ అంతే.

సీడీ -

ఇందాక ఉన్న డైరెక్టరీకి తిరిగి వెళ్తుంది, మళ్ళీ కొడితే మళ్ళీ ఇటు వస్తుంది. షాపు హార్డ్‌డిస్కులో ఒక కొసన ఉన్న జాతర ఫోల్డరుకూ, ఇంకో కొసన ఉన్న ఫాంట్ల ఫోల్డరుకూ తిరుగుతూ ఉంటే దీని విలువ తెలుస్తుంది. ఇక ట్యాబ్ మీట గురించి అందరూ చెప్తారు, కానీ వాడేవాళ్ళు తక్కువ. ఫోల్డరు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు అదే నింపుతుంది, ఒకే మొదలుతో చాలా ఉంటే రెండోసారి నొక్కితే అన్నీ చూపిస్తుంది. పేర్లలో ఖాళీలు ఉంటే వాటి ముందు పెట్టాల్సిన వెనక్కి వాలిన గీత కూడా అదే పెడుతుంది, మన షాపుల్లో ఖాళీ లేని ఫైలు పేరు నేను ఇంతవరకూ చూడలేదు కాబట్టి ఇది చిన్న సాయమేమీ కాదు. రోజూ పదేపదే అవే ఫోల్డర్లకు పోయేవాళ్ళు జోఆక్సైడ్ (జడ్, ఓ, ఎక్స్, ఐ, డీ, ఈ) అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి, జడ్ అక్షరం కొట్టి ఫోల్డరు పేరులో ఒక ముక్క రాస్తే చాలు, మీరు ఎక్కువగా వెళ్ళే చోటును అదే ఊహించి తీసుకెళుతుంది.

ఫోల్డర్లో ఏముందో చూడటానికి ఎల్ఎస్. దానికి -ఎల్‌టీ తగిలిస్తే కొత్తగా మార్చినవి పైన వస్తాయి, -ఎల్‌టీఆర్ అంటే కొత్తవి కింద వస్తాయి. నేను రెండోదే వాడతాను, ఫోల్డర్లో వందల ఫైళ్ళున్నా కావాల్సింది ప్రాంప్టు (మనం కమాండు కొట్టే వరస) పక్కనే కనబడుతుంది, పైకి జరపక్కర్లేదు. పేరు చుక్కతో మొదలైన ఫైళ్ళు ఎల్ఎస్‌లో కనబడవు, -ఏ పెడితే కనబడతాయి. ఈ దాచుడు ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదట. ఒక చుక్క, రెండు చుక్కల ఎంట్రీలను పట్టికలో చూపించకూడదని లినక్స్‌కు మూలమైన యూనిక్స్ తొలిరోజుల్లో ఎవరో పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్యి అని షార్ట్‌కట్‌గా రాశారని, దానివల్ల చుక్కతో మొదలయ్యేవన్నీ మాయమైపోయాయని యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ 2012లో చెప్పాడు. ఇప్పుడు అందరి హోమ్ ఫోల్డర్లలోనూ చుక్క ఫైళ్ళు గుట్టలుగా పేరుకున్నాయి.

సరే, అసలు సంగతికి వద్దాం. జాతర ఫ్లెక్సీ గురించి మనకు తెలిసినవి ఏంటి? ఆ ఫోను వచ్చిన వేళకు పోయినేడంటే 2024, ఆ మే నెలలో చేశారు. ఫొటోషాప్ ఫైలు, పొరలన్నీ అలాగే ఉంచి దాచింది, కాబట్టి వంద ఎంబీ దాటి ఉంటుంది. అంతే, పేరు అక్కర్లేదు.

ఫైండ్ . -టైప్ ఎఫ్ -సైజ్ +100ఎం -న్యూయర్‌ఎంటీ 2024-05-01 ! -న్యూయర్‌ఎంటీ 2024-06-01

చుక్క అంటే ఇక్కడి నుంచి కిందికి అన్ని ఫోల్డర్లూ. -టైప్ ఎఫ్ అంటే ఫైళ్ళు మాత్రమే, ఫోల్డర్లే కావాలంటే ఎఫ్ బదులు డీ. వంద పక్కన ఉన్న ఎం మాత్రం పెద్ద అక్షరం, జీబీ అయితే జీ కూడా పెద్దదే, కేబీకి కే చిన్నది, ఇలా ఎందుకు పెట్టారని అడగొద్దు. న్యూయర్ అన్న ఇంగ్లీషు మాటకు ఎం, టీ అక్షరాలు అతికించి ఒకే మాటగా రాయాలి, ఆ తేదీ తర్వాత మార్చిన ఫైళ్ళు అని. ఆశ్చర్యార్థకం పెడితే "కానివి". మొత్తం కలిపి మే ఒకటి తర్వాత, జూన్ ఒకటికి ముందు మార్చిన, వంద ఎంబీ దాటిన ఫైళ్ళు. వేలకు వేలు ఫైళ్ళున్న హార్డ్‌డిస్కులోంచి ఒక్క తెరకు సరిపడా వరసలు బయటికొస్తాయి, అందులో మనది కంటికే తెలిసిపోతుంది. వరస చివర -ఎల్ఎస్ తగిలిస్తే సైజూ తేదీ కూడా పక్కన చూపిస్తుంది.

తేదీలకు చాలామంది -ఎంటైమ్ వాడతారు. "గత వారంలో" అనుకుంటే -ఎంటైమ్ -7 బాగానే ఉంటుంది. కానీ అది ఇరవై నాలుగు గంటల ముక్కలుగా లెక్కేసి, మిగిలిన గంటలు వదిలేస్తుంది. అందుకే -ఎంటైమ్ +1 అంటే ఒక రోజు దాటినవి అనుకుంటాం, నిజానికి అది కనీసం రెండు పూర్తి రోజులు దాటినవి ఇస్తుంది. సైజు దగ్గర ఇంకా పెద్ద తిరకాసు ఉంది. ఒక ఎంబీ కంటే చిన్నవి కావాలని -సైజ్ -1ఎం కొడితే సున్నా బైట్ల ఖాళీ ఫైళ్ళు మాత్రమే వస్తాయి. ఏ సైజునైనా ముందు పైకి సవరించి పూర్తి ఎంబీలుగా మారుస్తుంది, అప్పుడు ఒక్క బైటున్న ఫైలు కూడా ఒక ఎంబీయే అవుతుంది, ఒకటి కంటే తక్కువంటే ఇక సున్నాయే మిగిలింది. -సైజ్ -1024కే అని రాస్తే మనం అనుకున్నది జరుగుతుంది.

తేదీని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది కూడా తెలిసుండాలి. విండోస్‌లో ఫైలును ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు కాపీ చేస్తే మార్చిన తేదీ పాతదే ఉంటుంది, సృష్టించిన తేదీ మాత్రం కొత్తదవుతుంది. లినక్స్‌లో కాపీ చేసే సీపీ కమాండు మామూలుగా కొడితే మార్చిన తేదీయే ఈరోజుది అయిపోతుంది, -పీ పెడితేనే పాతది నిలుస్తుంది. వాట్సాప్‌లో వచ్చి డౌన్‌లోడ్ అయిన ఫొటోకు డౌన్‌లోడ్ అయిన వేళ పడుతుంది, తీసిన వేళ కాదు. చిన్నాన్న షాపులో బ్యాకప్ అంతా విండోస్‌లో లాగి వదిలినదే, కాబట్టి తేదీలు బతికిపోయాయి.

ఇక పేరులో ఏదో ఒక ముక్క గుర్తున్న సందర్భం. ఇక్కడ మనకే సొంతమైన ఒక గోల ఉంది, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం. జాతర అన్నదాన్ని ఒకడు హెచ్ పెట్టి రాస్తాడు, ఒకడు హెచ్ లేకుండా, ఇంకొకడు రెండు ఏలు పెట్టి. తిరుపతికే ఎన్ని స్పెల్లింగులున్నాయో బస్సుల బోర్డులు చూస్తే తెలుస్తుంది. అందుకని హల్లులు మాత్రం రాసి మధ్యలో నక్షత్రాలు పెట్టండి. జాతరకైతే జే, నక్షత్రం, టీ, నక్షత్రం, ఆర్, ఆ మొత్తానికి ముందూ వెనకా ఇంకో నక్షత్రం. తిరుపతికైతే టీ, ఆర్, పీ, టీ. దాన్ని -నేమ్ బదులు -ఐనేమ్‌కు ఇస్తే పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా కూడా చూడదు. ఒకటి రెండు అక్కర్లేనివి వస్తే వచ్చాయి, పోనీండి.

నక్షత్రమున్న పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు తప్పనిసరి. లేకపోతే ఫైండ్‌కు అందకముందే షెల్లు (మనం కొట్టిన వరసను ముందుగా చదివే ప్రోగ్రామ్) ఆ నక్షత్రాన్ని విప్పేసి, దానికి సరిపోయే ఫైలు పేర్లు పెట్టేస్తుంది. ఉన్న ఫోల్డర్లో సరిపోయే ఫైలు ఒకటుంటే ఫైండ్ ఆ ఒక్క పేరుకోసమే హార్డ్‌డిస్కంతా తిరుగుతుంది, రెండు మూడుంటే ఎర్రర్ ఇస్తుంది, ఏదీ లేకపోతే బాగానే పని చేస్తుంది. ఈ మూడో సందర్భమే ప్రమాదం, నిన్న పనిచేసిన కమాండు ఇవాళ ఎందుకు పనిచేయలేదో ఎంత చూసినా అంతుపట్టదు.

తెలుగు లిపిలోనే పేర్లు పెట్టిన ఫైళ్ళు ఉంటే సరదా ఇంకా ఎక్కువ. పెళ్లి అని లావత్తుతో రాసేవాళ్ళూ, పెళ్ళి అని ళావత్తుతో రాసేవాళ్ళూ ఇద్దరూ అదే షాపులో పనిచేస్తారు. ఫైండ్‌కు అవి రెండూ వేరు వేరు మాటలు. దానికి మందు చదరపు బ్రాకెట్లు, బ్రాకెట్లో ఉన్నవాటిలో ఏదో ఒక్క అక్షరం ఉంటే చాలని అర్థం.

ఫైండ్ . -నేమ్ '*పెళ్[లళ]*'

ఇక్కడ పేరు నిజంగానే తెలుగులోనే కొట్టండి. ఫొటోకూ ఫోటోకూ తేడా వస్తే మధ్యలో ప్రశ్నార్థకం పెట్టండి, '*ఫ?టో*' అని, అది ఏదో ఒక అక్షరానికి సరిపోతుంది. కంప్యూటర్ లెక్కలో గుణింతపు గుర్తు విడిగా ఒక అక్షరం కాబట్టి ఈ కిటుకు పనిచేస్తుంది.

వీటికంటే మొండిది కంటికి కనబడని అక్షరం. సురేష్ అని ఒక ఫైలు ఉంటుంది, కంటికి కనబడుతూనే ఉంటుంది, అదే పేరు అలాగే కొట్టి వెతికితే మాత్రం లేదంటుంది. ఎందుకంటే కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఒక అక్షరాన్ని చేరుస్తాయి. పక్క అక్షరం దీనికి వత్తుగా అతుక్కోకుండా ఆపడం దాని పని, వెబ్‌సైట్ లాంటి మాటల్లో అది లేకపోతే మాట చెడిపోతుంది. కానీ మాట చివర పొల్లు మీద అది ఉన్నా లేకున్నా తెర మీద ఒకేలా కనబడుతుంది. అనుమానమొస్తే ఎల్ఎస్ ఇచ్చేదాన్ని, లోపలి బైట్లు చూపించే ఎక్స్ఎక్స్‌డీ అనే కమాండుకు పంపి చూడండి, ఈ2, 80, 8సీ అనే మూడు బైట్లు వరసగా కనబడితే అదే దొంగ. నేను అంత దూరం పోను, వెతికేటప్పుడు పొల్లుకు ముందే ఆపేస్తాను, '*సురే*' అని. పొల్లుతో ముగిసే మన పేర్లన్నిటికీ ఇదే వాడతాను, ఇప్పటివరకు ఢోకా లేదు.

ఇంకో తలనొప్పి పేరు పొడవు. వర్డ్‌లో కొత్త డాక్యుమెంట్ సేవ్ చేస్తుంటే మొదటి వరసనే పేరుగా పెట్టమంటావా అని అడుగుతుంది, మనవాళ్ళు ఎంటర్ కొట్టేస్తారు. పెళ్ళి పత్రిక మొదటి వరస ఏముంటుంది? శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు. దాంతో షాపు డిస్కులో ఆ పేరుతో ఒకటి రెండు మూడు అని అంకెలు వేసుకుని డాక్యుమెంట్లు బారులు తీరి ఉన్నాయి, ఏ పెళ్ళి ఎవరిదో దేవుడికే తెలియాలి. పేరు మరీ పొడవైతే కాపీయే అవ్వదు. డిస్కులో ఫైళ్ళు దాచడానికి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో పేరుకు 255 అక్షరాల దాకా పడతాయి, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో 255 బైట్ల దాకానే. ఇంగ్లీషుకు రెండూ ఒకటే, కానీ లినక్స్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు పడతాయి. తిరుపతి అన్న చిన్న మాటకే ఏడు గుర్తులు, ఇరవై ఒక్క బైట్లు. మొత్తంగా ఎనభై అయిదు గుర్తులు దాటితే లినక్స్ ఒప్పుకోదు, పేరు పొడవెక్కువైందని ఎర్రర్ ఇచ్చి ఆ ఒక్క ఫైలు వదిలేసి ముందుకు పోతుంది. బ్యాకప్ చేసేటప్పుడు ఈ ఎర్రర్లు చదవకుండా పోతే ఆ ఫైళ్ళు కొత్త డిస్కులోకి రానే రావు.

డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లతో, పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత పనుల సంగతి ఇంకో లోకం. అక్కడ తెర మీద కనబడేది తెలుగైనా, లోపల ఉండేవి లాటిన్ అక్షరాలు, వాటికి తెలుగు బొమ్మలు తగిలించారు. కాబట్టి మీరు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో వెబ్‌లో వాడే మామూలు తెలుగులో, ఎంత చక్కగా పేరు కొట్టి లోపల వెతికినా ఒక్కటీ రాదు. అలాంటి పనులకు తేదీ, సైజు, ఫైలు రకం తప్ప దారి లేదు. కొన్నిటికి ఫైలు పేరు కూడా అలాగే పడి అర్థంపర్థం లేని గుర్తుల దండలా ఉంటుంది, దాన్ని టైపు చేయడం మనవల్ల కాదు. అప్పుడు ఎల్ఎస్ -ఐ కొడితే ప్రతి ఫైలు ముందు ఐనోడ్ నంబరు, అంటే డిస్కులో ఆ ఫైలు గుర్తింపు నంబరు, కనబడుతుంది, ఫైండ్‌కు -ఐనమ్ (ఐ, ఎన్, యూ, ఎం) పెట్టి ఆ నంబరు ఇస్తే పేరు ముట్టుకోకుండా ఆ ఫైలును పట్టుకోవచ్చు, చివర దొరికినదాని మీద ఇంకో కమాండు నడిపే -ఎగ్జెక్ (ఈ, ఎక్స్, ఈ, సీ) పెట్టి మంచి పేరు కూడా పెట్టెయ్యొచ్చు.

యూనికోడ్‌లో ఉన్న మామూలు టెక్స్ట్ ఫైళ్ళ లోపల వెతకాలంటే గ్రెప్. -ఆర్ అంటే లోపలి ఫోల్డర్లన్నీ, -ఎల్ అంటే దొరికిన ఫైళ్ళ పేర్లు మాత్రం చెప్పమని.

గ్రెప్ -ఆర్ఎల్ 'చంద్రగిరి' .

కానీ ఇది వర్డ్ డాక్యుమెంట్లలో పనిచేయదు. డాక్‌ఎక్స్ ఫైలంటే లోపల జిప్ చేసిన మూట, గ్రెప్‌కు ఆ మూట విప్పడం రాదు. పీడీఎఫ్‌లకు పీడీఎఫ్‌గ్రెప్ అని వేరే ఉంది, ఇంగ్లీషుకు బాగా పనిచేస్తుంది, తెలుగు పీడీఎఫ్‌ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, చూడటానికి చక్కగా ఉన్న పీడీఎఫ్‌లోంచి కూడా అక్షరాలు తారుమారై బయటికొస్తాయి. అంకెలు మాత్రం ఎక్కువగా క్షేమంగా ఉంటాయి. పెళ్ళి తేదీ గాని, పత్రిక కింద వేసిన ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు గాని తెలిస్తే వాటితో వెతకండి, పేరుతో దొరకనిది అలా దొరుకుతుంది.

ఫైలు పేర్లు వెతికే ఇంకో కమాండు లొకేట్, దాని వేగం గురించి విని వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఫైండ్ ప్రతిసారీ డిస్కంతా తిరుగుతుంది, లొకేట్ ముందే తయారైన జాబితాలో చూసి చెప్తుంది, అందుకే అంత వేగం. ఆ జాబితా మామూలుగా రోజుకోసారి తయారవుతుంది కాబట్టి ఇందాక చేసిన ఫైలు అందులో ఉండదు, ఆ జాబితాను మళ్ళీ తయారుచేసే అప్‌డేట్‌డీబీ కొట్టాల్సిందే. అంతకంటే ముఖ్యం, ఉబుంటులో ఎక్స్‌టర్నల్ డిస్కులు /మీడియా కింద తగులుకుంటాయి, ఆ /మీడియాను జాబితాలో చేర్చకుండా వదిలేయమని సెట్టింగ్ మొదటినుంచే ఉంటుంది. అంటే షాపు హార్డ్‌డిస్కు మీద లొకేట్ ఏమీ చెప్పదు, ఫైలు లేదనుకుని మనం కంగారు పడతాం. ఫైండ్ బదులు వాడే ఎఫ్‌డీ, గ్రెప్ బదులు వాడే రిప్‌గ్రెప్ లాంటి కొత్తవి కూడా ఇలాంటివే. వేగం అద్భుతం, నేనూ రోజూ వాడతాను, కానీ చుక్క ఫైళ్ళనూ, గిట్ (ప్రోగ్రామర్లు ఫైళ్ళలో మార్పుల లెక్క ఉంచుకునేది) పట్టించుకోవద్దన్న ఫైళ్ళనూ చెప్పాపెట్టకుండా వదిలేస్తాయి. ఉబుంటులో ఎఫ్‌డీ అని కొడితే రాదు, ఆ పేరు ఇంకో ప్యాకేజీ ముందే పట్టుకుంది కాబట్టి ఎఫ్‌డీఫైండ్ అని కొట్టాలి. ఫైండ్‌కు ఈ ముద్దుముచ్చట్లు లేవు, 1974 నాటి యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో వచ్చింది, డిక్ హైట్ రాశాడు, ఆప్షన్ల తీరు చూస్తేనే దాని వయసు తెలుస్తుంది. ఫైలు లేదు అని తేల్చి చెప్పాలంటే మాత్రం నేను దాని మాటే నమ్ముతాను.

షాపులో లినక్స్ లేదు కదా అని కుర్రాడు అడిగాడు. విండోస్ కమాండ్ ప్రాంప్టులో కూడా కొంత పని జరుగుతుంది. అక్కడ ఎల్ఎస్ పని చేసే డైర్‌కు /ఎస్ /బీ తగిలించి *.సీడీఆర్ అని కొడితే కింది ఫోల్డర్లన్నిటిలో ఉన్న కోరల్‌డ్రా ఫైళ్ళు పూర్తి దారితో వస్తాయి. అక్కడ డ్రైవ్ మారాలంటే సీడీకి /డీ పెట్టాలి, ఉత్తి సీడీ డీ:\ అని కొడితే ఏమీ జరగనట్టే అక్కడే ఉంటారు. ఉత్తి సీడీ కొడితే హోమ్‌కు పోదు, ఎక్కడున్నారో చెప్తుంది, లినక్స్ అలవాటున్నవాళ్ళకు ఇదే తికమక. తేదీ, సైజు కలిపి వెతకాలంటే పవర్‌షెల్ అనే విండోస్ వాళ్ళ ఇంకో టెర్మినల్‌కు పోవాలి, అక్కడ కమాండ్ల పేర్లు చాంతాడంత. అంతకంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసుకుని, అందులో ఫైండ్ వాడుకోవడం మేలు, డీ డ్రైవ్ /ఎంఎన్‌టీ/డీ అని కనబడుతుంది.

చెరిపేసే దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. ఫైండ్‌కు -డిలీట్ అని ఒక ఆప్షన్ ఉంది. ఫైండ్ రాసిన వరసలోనే ఎడమనుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. -నేమ్ ముందు, -డిలీట్ చివర ఉంటే పేరు సరిపోయినవే పోతాయి. -డిలీట్ ముందు పెట్టి -నేమ్ తర్వాత పెడితే పేరు చూసే లోపలే అన్నీ చెరిగిపోతాయి, ఆ ఫోల్డరు కింద ఉన్నదంతా, రీసైకిల్ బిన్ లేదు, వెనక్కి రావడం లేదు. అందుకని ముందు -డిలీట్ లేకుండా కొట్టి జాబితా కళ్ళతో చూసి, పై బాణం మీట నొక్కి అదే వరసను తెచ్చుకుని చివర -డిలీట్ చేర్చడం ఒక్కటే సరైన పద్ధతి. చిన్నాన్న డిస్కు మీద అయితే నేను అదీ చేయను, పనికిరానివనుకున్నవి పక్కన ఒక ఫోల్డర్లోకి జరిపి పెడతాను. ఫ్లెక్సీల వాళ్ళ దగ్గర పనికిరాని ఫైలు అంటూ ఉండదు, ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.

ఆయనకూ ఆ కుర్రాడికీ ఈ ఆప్షన్లన్నీ నేర్పించే ఓపిక నాకు లేదు, వాళ్ళకూ అక్కర్లేదు. ఆ కంప్యూటర్లో డబ్ల్యూఎస్ఎల్ వేసి, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో ఒక చిన్న ఫంక్షన్, అంటే మన సొంత కమాండు లాంటిది, రాసి పెట్టాను. సంవత్సరం, నెల ఇస్తే ఆ నెల మొదటి తేదీ నుంచి పై నెల మొదటి తేదీ వరకు లెక్కేసుకుంటుంది, పై నెల ఏదో డేట్ కమాండే +1 మంత్ అంటే చెప్పేస్తుంది, డిసెంబరు తర్వాత జనవరి వచ్చినా సంవత్సరం అదే మార్చుకుంటుంది. యాభై ఎంబీ దాటినవన్నీ సైజు వరసలో చూపిస్తుంది. మొన్న కుర్రాడు ఫోన్ చేసి దాంట్లో పెళ్ళి పత్రికలు రావట్లేదన్నాడు. పత్రికలు అయిదారు ఎంబీలు కూడా ఉండవు, అందుకు రావు, సైజు కూడా అడిగేలా ఈ ఆదివారం మార్చాలి.